నడుము నొప్పి తగ్గాక డెడ్‌లిఫ్ట్ చేయవచ్చా?

ప్రశ్న: వయసు 34. మాది తిరుత్తణి. ఆర్నెల్ల క్రితం బియ్యం బస్తా ఎత్తుతుంటే నడుము పట్టేసింది. డిస్క్ కాస్త ఉబ్బిందన్నారు. ఇప్పుడు నొప్పి లేదు. తిరువళ్ళూరులో జిమ్‌కి వెళ్తున్నాను. డెడ్‌లిఫ్ట్ మొదలుపెట్టవచ్చా?

జవాబు: మీ డాక్టరు సరేనంటే పెట్టవచ్చు. ముందు మీ ఊరి కొండ మీది మురుగన్ గుడికి 365 మెట్లూ ఎక్కి దిగి చూడండి. మర్నాడు నడుము మొరాయించకపోతే చీపురు కర్రతో మొదలుపెట్టండి. అవును, బరువుతో కాదు, కర్రతోనే! దాన్ని వీపు వెంట నిలువుగా పట్టుకోండి. తల వెనుక, భుజాల మధ్య, పిరుదుల మధ్య ఎముక దగ్గర తగలాలి. మోకాళ్ళు కొంచెం సడలించి, పిరుదులు వెనక్కి తోస్తూ వంగండి. కర్ర ఎక్కడైనా ఒంటిని వదిలిందంటే మీరు తుంటి దగ్గర కాదు, నడుము దగ్గర వంగుతున్నట్టు. అద్దం కన్నా ఈ కర్రే నిజం చెబుతుంది.

తర్వాత ఖాళీ బార్. అదే 20 కిలోలు. దాన్ని నేల మీద నుంచి ఎత్తకండి. దిమ్మల మీద, మోకాలి కిందికి వచ్చేలా పెట్టండి. ఊపిరి పీల్చి పొట్ట బిగించి, బార్ కాళ్ళకు రాసుకునేంత దగ్గరగా లేపండి. బెల్టు ఇప్పుడే వద్దు.

నడుము నొప్పితో 2018 ఆసియా క్రీడలకు దూరమైన వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చాను, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మొత్తం 202 కిలోలు ఎత్తి రజతం గెలిచారు. మీకు పతకం తొందర లేదు కదా, బరువు మెల్లగా పెంచండి.

కాలు మొద్దుబారినా, పాదంలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా వ్యాయామం ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.