పాములకు తెలుగు పేర్లు

జంగారెడ్డిగూడెపు పొలిమేరలలో నడచువారికి, తంగేడాకులపై గ్రుడ్లిడు పసుపువన్నె సీతాకోకచిలుకలు కనువిందు చేయును. ఆ పొదక్రిందనే రక్తపింజర పొంచియుండవచ్చును. కావున పాముల నెరుగుటయు నవసరమే.

ఈ యెరుకకై శ్రమించినవాడు పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు. ఈయన విశాఖపట్టణమున నుండగా, 1785లో ఈస్టిండియా కంపెనీవారు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. విషసర్పమేదో, విషములేని దేదో జనులకు తెలియవలెనని ఆయన పూనుకొనెను. పాములను తెప్పించి, కోరలు పరీక్షించి, బొమ్మలు వ్రాయించెను. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లనే పొందుపరచెను. ఆ గ్రంథము 1796లో లండనున అచ్చయ్యెను. అందు రక్తపింజర పేరు ‘కాటుకరేకుల పొడ’. నేడు దాని శాస్త్రనామమున రస్సెల్ పేరు నిలిచియున్నది. కట్లపాముల ప్రజాతినామమగు ‘బుంగారస్’ మన ‘బంగారము’ నుండి పుట్టినదే.

బాలలారా! పామును దూరమునుండియే చూడుడు, ఊరక చంపకుడు. కాటుపడినవానిని మంత్రములకై జాగుచేయక వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. ఈ రెండు పాముల విషమునకును విరుగుడుమందు అచ్చట గలదు. పామును గుర్తించుటకై ఆలస్యము చేయరాదు, ప్రాణమే ముఖ్యము.