ఇంటి ప్లానులోనే కరెంటు లెక్క

ఇల్లు కట్టేటప్పుడు గదులు కొలిచి గీయిస్తాం. కరెంటు సంగతి మాత్రం 'వైర్‌మన్ చూసుకుంటాడులే' అని వదిలేస్తాం. గ్రూప్స్ కోచింగ్ కోసం మన పిల్లలు హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడలలో అద్దెకుంటారు. ఒక్క కుటుంబానికని వైరింగ్ చేసిన పాత ఇంట్లో పదిమంది చేరితే తీగలు కాగక ఏమవుతాయి? పల్లెలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. ప్లానులో ఇవి రాయించండి.

1. లోడు: 2000 వాట్ల గీజరు, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె కలిస్తే 230 వోల్టుల వద్ద 13 ఆంపియర్లు. లైట్ల తీగ దీనికి చాలదు.

2. తీగ: లైట్లకు 1.5, గీజరు, మోటారు ప్లగ్గులకు కనీసం 2.5 చదరపు మి.మీ. రాగి తీగ వేరుగా వేయాలి.

3. ఎర్త్: గుంత ఇంటి గోడకు కనీసం 1.5 మీటర్ల దూరంలో ఉండాలి. నీళ్ల పైపుకు కట్టి ఊరుకోవద్దు.

4. షాక్: ఎం.సి.బి. తీగను కాపాడుతుందే గాని మనిషిని కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టించాలి.

గోడ పగలగొట్టడం కన్నా కాగితం మీద గీత దిద్దడం తేలిక. ప్లాస్టరింగ్‌కు ముందే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.