ప్రాత కంప్యూటరునకు క్రొత్త ప్రాసెసరు

మూడు కాళ్ళ ప్లగ్గు రెండు రంధ్రముల ప్లగ్ పాయింటులో పట్టదు. అప్పుడు మనము అంగడినుండి చిన్న అడాప్టరు నొకదానిని తెచ్చి నడుమ నుంచుదుము. పని జరిగిపోవును. అయితే ఆ మూడవ కాలు ఏమైనదని విచారించువారు అరుదు. అది భూమితో సంబంధము కలిగించి మనలను విద్యుద్ఘాతమునుండి కాపాడుటకై ఏర్పడినది. అడాప్టరులో దానికి దారి లేదు. రంధ్రము కుదిరినది గాని రక్షణ పోయినది. ఒకప్పుడు కంప్యూటరులలోను ఇట్టి అడాప్టరులు విరివిగా వాడబడెను.

విద్యార్థులారా! కంప్యూటరులో లెక్కలన్నియు చేయునది ప్రాసెసరు. అది మదర్‌బోర్డు అను పెద్ద పలకపై అమరియుండును. 1997లో ఇంటెల్ సంస్థవారు పెంటియమ్-2 అను ప్రాసెసరును వెలువరించిరి. ప్రాసెసరునకు చేరువలో క్యాష్ అను వేగముగల జ్ఞాపకస్థానము ఉండవలెను. 512 కిలోబైట్ల క్యాషును ప్రాసెసరు బిళ్ళలోనే ఇముడ్చుట ఆ కాలమున మిక్కిలి వ్యయముతో కూడిన పని. కావున దానిని వేరు బిళ్ళలలో నుంచి, అన్నిటిని ఒక చిన్న పలకపై చేర్చి, నల్లని పెట్టెలో బిగించిరి. ఆ పలక అంచున 242 స్పర్శస్థానములు కలవు. అది నిలువుగా దిగు గాడికి స్లాట్-1 అని పేరు.

ఈ ఏర్పాటు ఎంతోకాలము నిలువలేదు. 1998లోనే 128 కిలోబైట్ల క్యాషును తన బిళ్ళలోనే ఇముడ్చుకొన్న సెలెరాన్ వచ్చెను. ఇక పలకతో పనియేమి? 1999 మొదలు ఆ ప్రాసెసరును క్రింద 370 సూదులుగల చదరపు బిళ్ళగా చేయసాగిరి. దాని పీఠము సాకెట్-370. స్లాటుగల బోర్డును అంతకుముందే కొన్నవారు చిక్కున బడిరి. అట్టివారికై కొందరు తయారీదారులు ఒక పలకను చేసిరి. దాని ముఖమున సాకెట్టు, అంచున స్లాటులో దిగు స్పర్శస్థానములు ఉండును. సాకెట్టు, స్లాటు అను రెండు మాటలను కలిపి దానిని స్లాట్‌కెట్ అనిరి.

2001లో నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న పాఠశాల కార్యాలయమున ఒకే ఒక కంప్యూటరు ఉండెను. అందు 233 మెగాహెర్ట్జుల పెంటియమ్-2 కలదు. జీతముల పట్టికలు, పదవ తరగతివారి పరీక్షా వివరములు అన్నియు దానియందే. అది మిక్కిలి మందగించెను. క్రొత్తది కొనుటకు సొమ్ము లేదు. ఒక వర్తకుడు స్లాట్‌కెట్టును, 700 మెగాహెర్ట్జుల పెంటియమ్-3 ప్రాసెసరును తెచ్చి బిగించెను. స్విచ్చి నొక్కితిమి. ఫ్యాను తిరిగెను, తెర మాత్రము నల్లగానే ఉండెను.

"మాస్టరుగారూ, ఈ అడాప్టరు మీద జంపరుంది. 2 వోల్టులకు మారిస్తే లేస్తుంది" అని వర్తకుడు చేయి చాచెను. మా భౌతికశాస్త్రోపాధ్యాయులు అతనిని వారించి, మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకమును తెప్పించిరి.

స్లాటులో ఐదు స్పర్శస్థానములు ప్రాసెసరు తనకు కావలసిన వోల్టేజిని తెలుపుటకే ఏర్పడియున్నవి. ఒక్కొక్కటి భూమికి కలుపబడియైనను ఉండును, విడిగానైనను ఉండును. రెండు స్థితులుగల ఐదింటితో 32 విధములైన సంకేతములు ఏర్పడును. మా ప్రాత ప్రాసెసరు 2.8 వోల్టులు అడిగెడిది. క్రొత్తది అడిగినది 1.65 వోల్టులు. మా బోర్డు 1.8 వోల్టులకు దిగువ ఇయ్యజాలదు. ఆ సంకేతమును ఎరుగక అది విద్యుత్తును ఇయ్యక ఊరకుండెను. దానిని చెడిన బోర్డని మేము తిట్టుకొంటిమి గాని, మా సొమ్మును కాపాడినది అదియే.

జంపరు మార్చియుండినచో ఏమగును? వేగము మారకున్నచో, ప్రాసెసరులో పుట్టు వేడిమి వోల్టేజి వర్గమును అనుసరించి పెరుగును. 1.65 వర్గము సుమారు 2.72, 2 వర్గము 4. అనగా వేడిమి దాదాపు ఒకటిన్నర రెట్లగును. అంతేగాక, లోపలి విద్యుద్బంధక పొరలు అతి పలుచనివి. అధిక వోల్టేజికి అవి ఛేదింపబడవచ్చును.

ఇంకొక విశేషము కూడ ఆ పుస్తకమువలననే తెలిసెను. ప్రాసెసరు వేగము బోర్డు గడియారమును ఒక గుణకముతో హెచ్చించగా వచ్చునది. ఆ గుణకము కర్మాగారములోనే బిగింపబడియుండును. పెంటియమ్-3 లోని 700 అనగా 100ను 7చే హెచ్చించినది. మా బోర్డు గడియారము 66 మెగాహెర్ట్జుల పైచిలుకు మాత్రమే. వోల్టేజి కుదిరినను ఆ ప్రాసెసరు మావద్ద 466 మెగాహెర్ట్జులతోనే నడిచెడిది. మేము 700కు వెల యిచ్చి 466ను పొందెడివారము! ఈ సంగతి వర్తకునకు తెలియదో, తెలిసియు చెప్పలేదో నేనెరుగను.

కొంత వాదము జరిగిన పిమ్మట అతడు దానిని తిరిగి తీసికొని 466 మెగాహెర్ట్జుల సెలెరాన్ ఇచ్చెను. అది 2 వోల్టులు కోరును, 66 గడియారముతోనే నడుచును. ఐనను మరియొక పని మిగిలెను. కంప్యూటరును మేల్కొలుపు బయాస్ అను ప్రోగ్రాము ఈ ప్రాసెసరును గుర్తింపవలెను గదా. ప్రాత ప్రాసెసరును మరల బిగించి, ఫ్లాపీనుండి క్రొత్త బయాసును ఎక్కించితిమి. ఆ పని నడుమ కరెంటు పోయినచో బోర్డే మూలబడును. మా ఊరి కరెంటు సంగతి తెలిసిన గుమాస్తా ఆ రెండు నిమిషములు దీపమువంకనే చూచుచు నిలుచుండెను.

పిదప సెలెరాన్‌ను అమర్చగా తెర వెలిగెను. సంఖ్య రెట్టింపైనను పని రెట్టింపు వేగమున సాగలేదు. ఏలయన మెమరీ, హార్డ్ డిస్కు మునుపటివే. అయినను పట్టికలు తెరచి కాఫీకి పోవు అలవాటు మా గుమాస్తాకు తప్పెను. ఆ యంత్రము 2006 వరకు పనిచేసెను. అడాప్టరుపై నున్న ఫ్యానును మాత్రము రెండు పర్యాయములు మార్చవలసివచ్చెను.