ఓషధీనామములు – భాషాసాక్ష్యము

ఓషధికి ప్రజలిడిన పేరు కేవలసంకేతము కాదు. ఆ మొక్కయందు వారు దేనిని విలువైనదిగా నెంచిరో పెక్కుమార్లు అదియే తెలుపును. మంచూభాషలో జిన్సెంగునకు ‘ఒర్హొద’ యని పేరు. ‘ఒర్హొ’ యనగా గడ్డి, మూలిక. ‘ద’ యనగా వేరు, నాయకుడు అని రెండర్థములు. మందు వేరునందున్నదను నెఱుక పేరులోనే యిమిడియున్నది. తుంగూసు–మంచూ భాషలలో మంచూకు లిపియు విస్తారవాఙ్మయమును గలవు. కావున దానిని నోట పలుకువారు మిక్కిలి తగ్గినను పదము నిలిచినది.

అయితే పేరు ఒక వాడుకను మాత్రమే తెలుపవచ్చును. మన తొగరుచెట్టు మొరిండా ప్రజాతిలోనిది. తొగరనగా ఎఱుపు, వేరినుండి రంగు తీయుటచే మనవారు దాని నట్లు పిలిచిరి. ఆ ప్రజాతికే చెందిన ‘లొరాంగ్’ నికోబారు ద్వీపములలో మందుచెట్టు. తెలుగు పేరును మాత్రమే చూచినవారికి ఈ వైద్యోపయోగము తెలియదు. కనుక పేరును, వాడుకను కలిపియే సేకరింపవలెను.

లిపిలేని భాషల విషయమున ఈ పని మఱింత యవసరము. శ్రీ విజయపురమున (2024 వఱకు పోర్టు బ్లెయిరు) హాడోలో భారత వృక్షశాస్త్ర సర్వేక్షణసంస్థవారి ప్రాంతీయకేంద్రము కలదు. అది 1972లో స్థాపితమైనది. మొక్కలకు శాస్త్రనామములు నిర్ణయించు నా కేంద్రమున్న ప్రాంతము ఒకప్పుడు ఆకా–బేఆ భాష పలికినవారిది. వారు ఆముదపు కుటుంబమునకు చెందిన ట్రైగోనోస్టెమాన్ లాంగిఫోలియస్ అను మొక్కను ‘గూగ్మ’ యనిరి. జ్వరపీడితుని దేహమునకు దాని ఆకు నలిపి రుద్దెడివారని ఇ. హెచ్. మాన్ పందొమ్మిదవ శతాబ్దియందు వ్రాసెను. నేడు ఆ భాష పలుకువా రొక్కరును లేరు. ఆ వ్రాత లేకున్నచో శాస్త్రనామము మిగులునుగాని, ఆ మొక్కతో నొక జాతికి గల సంబంధము తెలియకపోయెడిది. 2010 జనవరిలో బోవా సీనియర్ మరణముతో ఆకా–బో భాష సయిత మంతరించెను.

2001లో నారంభమైన సాంప్రదాయికవిజ్ఞాన డిజిటల్ గ్రంథాలయమునకు ఆధారము ప్రధానముగా ఆయుర్వేద, సిద్ధ, యునానీ గ్రంథములు. గ్రంథమే లేని భాషల వైద్యమునకు అట్టి రక్షణ సులభముగా లభింపదు. ఈ లోపమును కొంతవఱకైనను తీర్పగలవారు భాషాశాస్త్రజ్ఞులు. పదపట్టికలో మొక్కపేరొక్కటియే చేర్చి తృప్తినొందరాదు. ఏ భాగము వాడుదురు, దంచుట, నలుపుట, కాచుట మున్నగు క్రియలకు వారి మాటలేవి, రోగమునకు పేరేమి యనునవి చెప్పినవారి వాక్యములలోనే వ్రాసికొనవలెను. వారి యనుమతి లేనిదే ప్రకటింపరాదు. ఆ భాషలు పలుకువారు మనకు లభించుచున్నంతకాలమే ఈ పని సాధ్యమగును.