మెల్లకన్నుకు శస్త్రచికిత్స

మెల్లకన్ను అదృష్టమని మన పల్లెల్లో సరిపెట్టుకుంటారు. నిజానికి అది కంటి కండరాల తూకం తప్పడం. ఒక్కో కనుగుడ్డును ఆరు కండరాలు తిప్పుతాయి, ఎద్దుకు పగ్గాల్లాంటివన్నమాట! ఏ పగ్గం బిగిస్తే అటే తిరుగుతుంది.

1839లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే డాక్టరు బిగిసిన కండరాన్ని కోసి వదిలాడు. ఆ పద్ధతిలో కొందరి కన్ను రెండోవైపుకు తిరిగిపోయేది. నేటి డాక్టర్లు మిల్లీమీటర్లలో కొలిచి, బిగువు కండరాన్ని వెనక్కి జరిపి కుడతారు. వదులుగా ఉన్నదాన్ని కొంత కత్తిరించి మళ్ళీ అక్కడే కుడతారు. కనుగుడ్డును బయటికి తీయరు.

అయితే ఆపరేషన్ కంటిని వరుసలో పెడుతుందేగాని, మందగించిన చూపును తేలేదు. వాడని కంటిని మెదడు చిన్నతనంలోనే పక్కన పెట్టేస్తుంది. కనుక ఏడెనిమిదేళ్ళు రాకముందే కళ్ళజోడు, మంచికంటికి పట్టీ మొదలవ్వాలి. మన పటమటకు దగ్గర్లోనే, తాడిగడపలో, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఈ మాట చెప్పండి.