అమరావతీ స్తూప సందర్శనము

శాతవాహనుల కాలమున మిగుల వర్ధిల్లిన బౌద్ధస్తూపమును జూడ నుత్సహించి మేము కృష్ణానది దక్షిణతీరముననున్న అమరావతికి బోయితిమి. పుస్తకములందు జదివిన మహాస్తూపమునకు మారుగా, గుండ్రని యల్పమైన దిబ్బయు, దానిచుట్టు కొన్ని రాతిపలకలును మాత్రమే కనబడినవి. “ఇంతేనా!” యని నిరుత్సాహపడితిమి.

అంత మా యుపాధ్యాయులవారు దాని చరిత్రమును జెప్పిరి. 18వ శతాబ్దాంతమున రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు పట్టణము నిర్మించుచుండగా, ఇటుకలకును రాళ్లకును జనులీ దిబ్బను ద్రవ్విరి. చెక్కడపుపలకలు కొన్ని కట్టడములలో జేరినవి. కొన్ని సున్నమునకై బట్టీపాలైనవి. 1816లో కర్నల్ మెకంజీగారు వచ్చి చిత్రములు వ్రాయింపకున్న, నశించినవాని రూపమైనను మనకు దెలియకుండెడిది. 1845లో వాల్టర్ ఎలియట్‌గారు త్రవ్వించిన పలకలు చెన్నపట్టణమునకు బోయి, వానిలో పెక్కులు 1859లో లండను చేరినవి. అవి నేడు బ్రిటిష్ మ్యూజియమున నున్నవి.

మాలో నొకడు అంతకుముందే జ్ఞాపకార్థమని యొక యిటుకముక్కను జేబులో వేసికొనియుండెను. ఈ కథ విన్నపిమ్మట, ఎవరును చెప్పకయే, దానిని దీసి యథాస్థానమున నుంచెను. ఒక్కొక్కరొక్కొక్క రాయి గొనిపోవుటచేతనే గదా మహాస్తూపము దిబ్బయైనది!