ఎగురు కన్ను
(చిఱు డ్రోనులను గూర్చిన యొక పాఠము)



పురుషలు మూడని మీరు వ్యాకరణమున చదివియున్నారు. "వాడు, అది" యనునవి ప్రథమ పురుష. "నీవు" మధ్యమ పురుష. "నేను" ఉత్తమ పురుష. ఆంగ్ల వ్యాకరణము దీనికి తలక్రిందుగా "నేను" అనుదానినే మొదటి పురుషగా లెక్కించును. ఈ సంగతి ముందుగా చెప్పుటకు కారణము కలదు. నేడు మనము విచారింపబోవు చిఱు డ్రోనులను ఎఫ్.పి.వి. డ్రోనులందురు. ఈ మూడక్షరములకు విస్తరణము ఫస్ట్ పర్సన్ వ్యూ. అనగా "నేను" చూచెడి చూపు. కావున మన వ్యాకరణము ననుసరించి దానిని ఉత్తమ పురుష దృష్టి యనవలెను గాని, మాటకు మాటగా ప్రథమ పురుష దృష్టి యనరాదు.

పేరునందే దాని స్వభావము కలదు. సాధారణముగా డ్రోనును ఎగురవేయువాడు నేలపై నిలిచి, తల యెత్తి చూచుచు, "అది కుడికి పోయినది" యనుకొనును. ఎఫ్.పి.వి. డ్రోను ముందు భాగమున చిన్న కెమెరా యుండును. అది చూచిన దృశ్యము రేడియో తరంగముల మూలమున వచ్చి, ఎగురవేయువాడు ధరించిన కండ్లజోడులో అగపడును. అపుడాతడు "నేను కుడికి తిరిగితిని" అనుకొనును. కుర్చీ నుండి కదలకయే తాటిచెట్ల నడుమ దూరి, చెఱువుగట్టు వెంబడి పిచ్చుకవలె పోయినట్లుండును.

ఈ వినోదము బాలుర నాకర్షించుట వింత గాదు. 2016వ సంవత్సరము మార్చి నెలలో దుబాయి నగరమున జరిగిన డ్రోను పందెములో బ్రిటను దేశపు పదునైదేండ్ల బాలుడు లూక్ బానిస్టర్ పెద్దలనందఱను గెలిచి, తన జట్టునకు 2,50,000 డాలర్ల బహుమానము సంపాదించి పెట్టెను.

యంత్రము పని చేయు విధము

ఈ యంత్రమునకు సాధారణముగా నాలుగు మోటారులు, వానిపై నాలుగు ప్రాపెల్లరులు ఉండును. ఎదురు మూలలందున్న రెండును ఒక దిక్కునకును, తక్కిన రెండును దానికి వ్యతిరేకముగను తిరుగును. నాలుగును ఒకే దిక్కునకు తిరిగినచో, ప్రతిచర్య వలన చట్రము రెండవ దిక్కునకు బొంగరమువలె గిరగిర తిరిగిపోవును. నాలుగింటి వేగమును సమముగా హెచ్చించిన డ్రోను పైకి లేచును. వెనుకటి రెండింటి వేగము హెచ్చి, ముందరి వాని వేగము తగ్గినచో అది ముందునకు వంగి, ముందునకు సాగును. ఎడమ ప్రక్కవి హెచ్చినచో కుడికి ఒరుగును.

నాలుగు మోటారులను వేర్వేరుగా నడుపుట మనుష్యుని చేతికి సాధ్యము గాదు. చట్రము నడుమనున్న చిన్న కంప్యూటరు ఆ పని చేయును. అందలి గైరోస్కోపు డ్రోను తిరుగుదలను సెకనునకు వేలకొలది మారులు కొలుచుచుండ, కంప్యూటరు ఆ కొలతను బట్టి ఒక్కొక్క మోటారు వేగమును సవరించుచుండును. మన రెండు బొటనవ్రేళ్ళు రిమోటు మీద రెండు పుల్లలను కదల్చి మన కోరికను మాత్రమే తెలుపును.

కన్ను చూడని చోటు

ఇపుడు ముఖ్యమైన విషయమునకు వత్తము. డ్రోను వేగముగా పోవునపుడు ముందునకు వంగియుండునని చెప్పితిని. అపుడు కెమెరా నేలనే చూచుచుండకుండుటకై దానిని ముందుగనే కొంత పైకెత్తి బిగింతురు. దీని ఫలితమేమి? డ్రోను వంగక నిలుకడగా నున్నపుడును, నిలువుగా క్రిందికి దిగునపుడును కెమెరాకు ఎదుటి చెట్ల తలలు, ఆకాశము కనబడును గాని, తన క్రింద నున్నది కనబడదు.

కాలమును గూర్చియు లెక్క వేయుడు. గంటకు 72 కిలోమీటర్ల వేగమనగా సెకనునకు 20 మీటర్లు. దృశ్యము కండ్లజోడునకు చేరుటకు సెకనులో నూఱింట మూడు వంతులు పట్టిన, ఆ లోపలనే డ్రోను 60 సెంటీమీటర్లు పోయియుండును. చూచినదానిని గ్రహించి వ్రేలు కదల్చుటకు పావు సెకను పట్టిన, మఱి 5 మీటర్లు గడచును. కనుక ఎదురుగా వచ్చినదానిని చూచి తప్పించుకొందుమను ధైర్యము పనికిరాదు.

ఇది నాకు పుస్తకము వలన తెలిసినది కాదు. మూడేండ్ల క్రిందట వేసవి సెలవులలో ఒక సాయంకాలము నేనొక్కడనే ఆటస్థలమున డ్రోను ఎగురవేయుచుంటిని. స్థలము ఖాళీగా నున్నదని ఒక్కమారు చూచుకొని కండ్లజోడు పెట్టుకొంటిని. కొంతసేపటికి మెల్లగా దింపసాగితిని. నాకు ఎదుటి వేపచెట్టు కొమ్మలు మాత్రమే కనబడుచుండెను. ఇంతలో కేక వినబడినది. ఎనిమిదేండ్ల బాలుడొకడు దొర్లివచ్చిన బంతికై పరుగెత్తుకొని వచ్చి, సరిగా డ్రోను క్రిందికే చేరియుండెను. మొగమునకు చేయి అడ్డము పెట్టుకొనుటచే ప్రాపెల్లరు వాని ముంజేతిని కోసినది. నాలుగు కుట్లు పడినవి. చేయి అడ్డము పెట్టుకొననిచో ఏమగునో తలచుకొన్న నేటికిని నా యొడలు జలదరించును.

ఆ రాత్రి వారి యింటికి పోయి నా తప్పు నొప్పుకొంటిని. వాని తల్లి నన్ను నిందింపలేదు. "మాస్టరుగారూ, మీరు చూడలేదాండీ?" అని మాత్రమే యడిగినది. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయినది. కన్నులు తెఱచుకొనియే యుంటిని; కాని నా చూపు నేనున్న చోట లేదు. కన్ను ఎగిరిపోయినను, చేసినదానికి ఉత్తరవాది యగు మనుష్యుడు నేలమీదనే యుండును.

తోడు నిలుచువాడు

కావున ఈ వినోదమునకు ఇద్దఱు కావలయును. ఒకడు కండ్లజోడు ధరించువాడు. రెండవవాడు వాని ప్రక్కను నిలిచి, డ్రోనును, దాని చుట్టుప్రక్కలను తన కన్నులతోనే చూచుచుండువాడు. అమెరికా దేశమున వినోదార్థము ఇట్లెగురవేయువారికి ఇట్టి పరిశీలకుడు ఉండవలెనని చట్టమే విధించినది. తోడువాడు "మనిషి" యన్నచో ఆగవలెను. "ఆపు" అన్నచో వెంటనే మోటారులు ఆపవలెను. ఏల యని అడుగరాదు. డ్రోను విఱిగిన మరల కొనవచ్చును.

మఱికొన్ని నియమములు

1. మొదట కంప్యూటరులో సిమ్యులేటరు మీద అభ్యసింపుడు. అందు ఎన్నిమారులు పడినను ఖర్చు లేదు, గాయము లేదు. పిమ్మట ప్రాపెల్లరుల చుట్టును కాపు గల చిన్న డ్రోనుతో ఆరంభింపుడు.

2. ప్రాపెల్లరులను చివరను బిగింపుడు. యంత్రమును బల్లమీద పరీక్షించునపుడు వానిని తప్పక తీసివేయుడు.

3. ఇందు వాడునది లిథియం పాలిమరు బ్యాటరీ. సాధారణపు రకములో ఒక్కొక్క సెల్లును 4.2 వోల్టులకు మించి నింపరాదు, 3.5 వోల్టులకు రాగానే డ్రోనును దింపవలెను. ఉబ్బిన బ్యాటరీని చార్జి చేయరాదు. చార్జి పెట్టి నిద్రపోవుట ఇంటికి నిప్పు పెట్టుకొనుటతో సమానము.

4. మన దేశమున 2021 ఆగస్టులో డ్రోను నిబంధనలు వెలువడినవి. అవి ఆకాశమును ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎఱుపు మండలములుగా విభజించినవి. ఎగురవేయుటకు ముందు డిజిటల్ స్కై పటములో మీ చోటు ఏ మండలమున నున్నదో, అపుడు అమలునందున్న నియమములేవో పెద్దలతో కూడ చూచుకొనుడు.

5. ఇతరుల పెరళ్ళ మీదను, జనసమూహము మీదను ఎగురవేయరాదు. కెమెరాకు గోడ అడ్డము గాదు. కాని మర్యాదకు గోడ కలదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ ఆటయందు విద్యుత్తు, చలన సూత్రములు, టంకము పెట్టు చేతిపని, ఓర్పు అన్నియు అభ్యాసమగును. కనుక మీ పిల్లలను వలదని వారింపకుడు. ఒంటరిగా మాత్రము పంపకుడు.

విద్యార్థులారా! కండ్లజోడు పెట్టుకొనగానే "అది" పోయి "నేను" వచ్చును. ఈ రెంటి సందున "నీవు" అను మధ్యమ పురుషను మఱువకుడు. నా డ్రోను క్రిందికి వచ్చిన బాలుడు ఈ యేడు మన పాఠశాలలో ఆఱవ తరగతిలో చేరినాడు. శనివారము సాయంకాలములందు నేను ఎగురవేయునపుడు నా ప్రక్కను తోడు నిలుచువాడు అతడే. అతడు "దింపకండి సార్" అన్నచో నేను దింపను.